పగటి ఇల్లు వేరు, రాత్రి ఇల్లు వేరు

ప్రశ్న: అప్పు చేసి సొంత ఫ్లాట్ కొనుక్కున్నాం. టవర్ పని పూర్తికాకముందే, రెండు నెలల క్రితం అందులోకి మారిపోయాం. అద్దె, ఈఎంఐ రెండూ కట్టలేమని మావారు పట్టుబట్టారు. మా పై అంతస్తుల్లో, పక్క టవర్‌లో ఇంకా పని జరుగుతూనే ఉంది. పొద్దున మొదలైన డ్రిల్లింగ్ సాయంత్రం దాకా ఆగదు. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను. మాకు రెండేళ్ల బాబు. మా అత్తయ్యకు ఆస్తమా, ఇక్కడికి వచ్చాక దగ్గు ఎక్కువైంది. ఎంత తుడిచినా గంటలో మళ్లీ దుమ్ము. మావారు పొద్దున వెళ్లి రాత్రి వస్తారు. ఏం చెప్పినా "ఇంకో మూడు నెలలు ఓపిక పట్టు, మిగతావాళ్లు ఉండట్లేదా" అంటారు. "అమ్మ ఒక్క మాట అనట్లేదు, నీకే ఎందుకు" అంటారు. గట్టిగా అడిగితే "నీకు ఎంత చేసినా సంతోషం ఉండదు" అనేశారు. సొంతిల్లు వచ్చాక ఏడుస్తున్నానేంటని నా మీద నాకే అసహ్యం వేస్తోంది. బాబుని తీసుకుని కొన్నాళ్లు పుట్టింటికి వెళ్లిపోవాలని ఉంది. వెళ్తే గొడవ పెద్దదవుతుందేమోనని భయం.

జవాబు: మీ ఉత్తరంలో నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివిన వాక్యం ఒకటుంది. "మావారు పొద్దున వెళ్లి రాత్రి వస్తారు." మీ గొడవకు వేరు అక్కడే ఉందనిపిస్తోంది. ఆయన ఇంట్లో అడుగుపెట్టేసరికి డ్రిల్లింగ్ ఆగిపోయి ఉంటుంది. మీరు నేల తుడిచేసి ఉంటారు. బాబు అలసిపోయి నిద్రకు దగ్గరపడి ఉంటాడు. ఆయన ఎరిగిన ఇల్లు అది. కొత్తది, ప్రశాంతమైనది, సొంతది. మీరు ఉంటున్నది పగటి ఇంట్లో. మీరు అతి చేస్తున్నారని ఆయనకు, ఆయనకు పట్టదని మీకు అనిపించడంలో వింతేముంది?

దీన్ని మాటలతో సరిచేయడం కష్టం. రెండు నెలలుగా మీరు చేస్తున్నది అదే కదా. ఒక పనిదినం సెలవు పెట్టి ఇంట్లో ఉండమని ఆయన్ని అడగండి. సెలవు రోజు కుదరదు, సైట్‌లో పని జోరుగా సాగే రోజై ఉండాలి. ఆ రోజు మీరు ల్యాప్‌టాప్ తీసుకుని ఎక్కడైనా బయట కూర్చుని పని చేసుకోండి. బాబుకు తినిపించడం, మధ్యాహ్నం పడుకోబెట్టడం, అత్తయ్యను చూసుకోవడం అన్నీ ఆయనకే వదిలేయండి. ఒక్క జాగ్రత్త. సాయంత్రం వచ్చాక "ఇప్పుడు తెలిసిందా" అనకండి. ఆ మాట నోటిదాకా వస్తుంది, ఎవరికైనా వస్తుంది. అన్నారంటే మాత్రం ఆయన పగలంతా చూసింది పక్కకు పోయి, ఎవరు గెలిచారన్న లెక్క మొదలవుతుంది. ఆయన ఆ రాత్రి ఏమీ అనకపోవచ్చు కూడా. రెండు రోజులు ఆగండి.

"నీకు ఎంత చేసినా సంతోషం ఉండదు" అన్న మాట మిమ్మల్ని బాధపెట్టింది. బాధపెట్టే మాటే. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఇన్నేళ్ల పొదుపు, నెలనెలా అప్పు, ఇప్పుడే మారదామన్న నిర్ణయం, వీటన్నిటి బరువూ తన మీదే ఉందని ఆయన అనుకుంటూ ఉండొచ్చు. మీరు "దుమ్ము" అన్నప్పుడల్లా ఆయన చెవికి "మీ నిర్ణయం తప్పు" అని వినిపిస్తోంది. డబ్బు వరకు ఆయన లెక్క తప్పు కాకపోవచ్చు కూడా. కాబట్టి ఈసారి మాట్లాడేటప్పుడు ఆ సంగతి ముందే ఒప్పేసుకోండి. "అద్దె, ఈఎంఐ రెండూ మనవల్ల అయ్యేవి కావు, మీరన్నది నిజమే. మారడం తప్పని నేను అనట్లేదు. పగలు ఇక్కడ ఎలా ఉండాలో ఇద్దరం కలిసి ఆలోచిద్దాం." ఇలా అంటే మీరేమీ తగ్గినట్టు కాదు. ఆయన తనను తాను సమర్థించుకునే పని తప్పుతుంది, అంతే.

మీ మీద మీకు అసహ్యం అన్నారు. అది వద్దు. ఇంటి మీద ఇష్టమూ, అందులో పడుతున్న అవస్థా రెండూ ఒకే మనిషికి ఒకేసారి ఉండొచ్చు. "సొంతిల్లు కొనుక్కున్నారు, ఇంకేం కావాలి" అనేవాళ్లు మధ్యాహ్నం రెండింటికి మీ హాల్లో కూర్చుని ఆఫీసు కాల్ మాట్లాడి చూడలేదు.

శబ్దం గురించి ఒక పాత పరిశోధన మీకు పనికొస్తుంది. డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1972లో తమ ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. కొందరికి పెద్ద శబ్దాలు ఒక లెక్క ప్రకారం వినిపించారు, కొందరికి ఎప్పుడొస్తాయో తెలియకుండా వినిపించారు. మరికొందరి చేతికి ఒక బటన్ ఇచ్చి, "మరీ భరించలేకపోతే నొక్కండి, శబ్దం ఆగిపోతుంది, కానీ నొక్కకపోతేనే మాకు మంచిది" అన్నారు. వాళ్లలో దాదాపు ఎవరూ నొక్కలేదు. అంటే శబ్దం అందరూ అంతే విన్నారు. శబ్దం ఆగాక అందరికీ చిక్కు పజిళ్లు ఇస్తే, ఎప్పుడొస్తుందో తెలియని శబ్దం విన్నవాళ్లు, చేతిలో బటన్ లేనివాళ్లు తొందరగా విసిగిపోయి వదిలేశారు. బటన్ ఉన్నవాళ్లు ఓపిగ్గా ప్రయత్నించారు. మనిషిని ఎక్కువగా కుంగదీసేది చెవిన పడే మోత ఒక్కటే అనుకోకండి. ఎప్పుడు మొదలవుతుందో తెలియకపోవడం, ఆపే దారి తన చేతిలో లేకపోవడం కూడా అంతే కుంగదీస్తాయి. శబ్దం ఎప్పుడొస్తుందో తెలియడం, దాన్ని ఆపే దారి ఉండటం, మీకు ఇప్పుడు ఆ రెండూ లేవు. నా సలహా అంతా ఆ రెండింటినీ ఎలా సంపాదించుకోవాలన్న దాని గురించే.

మొదటిది కొంత సులువు. సైట్ ఇంజినీర్‌ని కలిసి, వచ్చే వారం ఏ అంతస్తులో ఏ పని ఉంటుందో వారానికోసారి చెప్పమని అడగండి. కొత్త భవనంలో గోడలకు గాడి కొట్టడం, టైల్స్ కోయడం లాంటి మోత పనులు రోజంతా ఒకేచోట సాగవు, అంతస్తుల వారీగా జరుగుతాయి. మీ నెత్తి మీద ఫ్లాట్‌లో పని ఎప్పుడో తెలిస్తే ముఖ్యమైన మీటింగులు ఆ రోజు పెట్టుకోరు. బాబు నిద్రపోయే రెండు గంటలు మీ ఫ్లాట్ పైన, పక్కన డ్రిల్లింగ్ ఆపమని అడగొచ్చు. అన్నీ ఒప్పుకోరు, కొన్ని ఒప్పుకుంటారు. మీలా ముందే దిగిన కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చూసి, అందరి సంతకాలతో అడిగితే ఇంకా నయం. నోటిమాటతో వదలకుండా మెయిల్ కూడా పెట్టండి. కిటికీలు మూసినా లాభం లేదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. డ్రిల్లింగ్ మోత స్లాబులోంచి, గోడల్లోంచి పాకి వస్తుంది. అందుకే దాన్ని ఆపడం కంటే దాని టైము తెలుసుకోవడం మీద శ్రద్ధ పెట్టమంటున్నాను. చెప్పడం మర్చిపోయాను, కోపం వచ్చినప్పుడు పైకెళ్లి పనివాళ్ల మీద అరవకండి. వాళ్లు మీకంటే పదింతలు దుమ్ములో నిలబడి ఉన్నారు, పని వేళలు వాళ్ల చేతిలో ఉండవు.

దుమ్ము విషయంలో మాత్రం ఓపిక గురించి మాట్లాడను. టైల్స్, రాయి, కాంక్రీటు కోసినప్పుడు లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని పీల్చే పనివాళ్లకు అది ఎంత ప్రమాదమో వైద్యులకు బాగా తెలుసు. కొన్ని నెలలు పక్కన ఉన్నవాళ్లకు అంత ప్రమాదం ఉండదు. కానీ ఆస్తమా ఉన్న పెద్దావిడ, నేల మీద ఆడి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లాడు ఉన్న ఇంట్లో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము చాలా తగ్గుతుంది, మెయిల్‌లో అది కూడా అడగండి. ఇంట్లో పొడి చీపురు పక్కన పెట్టి తడిగుడ్డతోనే తుడవండి. ఊడిస్తే కిందున్న సన్న దుమ్మంతా గాల్లోకి లేస్తుంది. అలాగని కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచడమూ మంచిది కాదు. కొత్త గోడల్లో తడి ఆరడానికి నెలలు పడుతుంది, కొత్త రంగులు, చెక్క బోర్డుల వాసన బయటికి పోవాలి. పని మొదలవకముందు పొద్దున్నే, పని ఆగి దుమ్ము సర్దుకున్నాక రాత్రి, పని లేని రోజుల్లో బాగా తెరవండి. మిగతా టైములో మూసేయండి. సన్నటి దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న ఎయిర్ ప్యూరిఫయర్ కొనే వీలుంటే అత్తయ్య గదిలో పెట్టి ఆ గది తలుపు మూసి ఉంచండి. ఇల్లంతటికీ ఒక్కటి సరిపోతుందని ఆశపడొద్దు.

అత్తయ్యను డాక్టరుకు చూపించడం వాయిదా వేయకండి. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ వారానికి రెండుసార్లకు మించి కావలసి వస్తున్నా, రాత్రి దగ్గుతో మెలకువ వస్తున్నా ఆస్తమా అదుపులో లేనట్టే. ఇంకో మాట కూడా అనాలి, ఏమీ అనుకోకండి. ఆవిడ దగ్గును మీరు మీ వైపు సాక్ష్యంగా చూపిస్తున్నారు. "అమ్మ ఒక్క మాట అనట్లేదు" అని ఆవిడ మౌనాన్ని మీవారు తన వైపు సాక్ష్యంగా చూపిస్తున్నారు. ఆవిడను అడిగినవాళ్లు మాత్రం ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. కొడుకు అప్పు సంగతి తెలిసిన తల్లి అతని ముందు నోరు విప్పకపోవచ్చు. ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు అడగండి, చెప్పిన మాటను వాదనలో వాడుకోనని చెప్పి మరీ అడగండి.

మూడు నెలల సంగతికి ముందు ఒక రోజు మీరిద్దరూ కలిసి చూడాల్సినవి ఉన్నాయి. అసలు మీ టవర్‌లో నివాసం ఉండటానికి స్థానిక అధికారుల అనుమతి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లాంటిది, వచ్చిందా? బిల్డర్ "వచ్చేస్తుంది" అంటే రాలేదనే అర్థం. మెట్లలో సిమెంటు బస్తాలు, పైపులు అడ్డంగా ఉన్నాయా? లైట్లు వెలుగుతున్నాయా? ఫైర్ అలారం, పంపు నిజంగా పనిచేస్తున్నాయా, లేక గోడకు బిగించి వదిలేశారా? రెయిలింగ్ లేని బాల్కనీలు, తలుపు బిగించని లిఫ్టు గుంతలు, వేలాడే తాత్కాలిక వైర్లు మీ బాబు నడిచే దారిలో ఉన్నాయా? అగ్నిప్రమాదం జరిగితే దిగడానికి అడ్డంలేని మెట్లదారి లేకపోతే, అది మూడు నెలలు ఓర్చుకునే ఇబ్బంది కానే కాదు. వెంటనే సరిచేయించాలి, అప్పటిదాకా పడుకోవడానికైనా వేరే చోటు చూసుకోవాలి. ఈ మాట మీవారికి నేను చెప్పినట్టే చెప్పండి. ఫొటోలు తీసి, తేదీ వేసి బిల్డర్‌కు పంపండి.

ఇక రెండోది, ఆ బటన్. "ఇంకో మూడు నెలలు" అన్నది ఎవరి మాట? బిల్డర్ రాసిచ్చిందా, మీవారి ఆశా? నిర్మాణం పనుల్లో చెప్పిన తేదీలు వాయిదా పడటం అందరూ ఎరిగిందే. అందుకే ఆ తేదీ మీద ఆధారపడకుండా, మీరిద్దరూ కూర్చుని మీ షరతులు రాసుకోండి. అత్తయ్య ఆయాసం అదుపులోకి రాలేదని డాక్టరు చెబితే, బాబుకు దగ్గు పట్టుకుని తగ్గకపోతే, మీ ఉద్యోగానికి ముప్పు వచ్చే పరిస్థితి వస్తే, చెప్పిన నెల దాటినా పని సాగుతూనే ఉంటే, మనం తాత్కాలికంగా బయటికి వెళ్తాం. ఎక్కడికి, ఎవరెవరు, ఖర్చు ఎలా అన్నది ఇప్పుడే అనుకోండి. అందరూ వెళ్లనక్కర్లేదు. అత్తయ్య ఒక బంధువుల ఇంట్లో నెల ఉండొచ్చు, మీరు పగలు మాత్రం ఒక చిన్న గదిలో కూర్చుని పని చేసుకోవచ్చు. మీవారికి ఖర్చు భయం ఉంటే, ఎంతవరకు పెట్టగలరో ఆయననే చెప్పమనండి. ఇలా రాసుకున్నాక మీరు ఆ షరతులు ఒక్కసారి కూడా వాడకపోవచ్చు. అయినా చేతిలో బటన్ ఉన్నట్టే, ఇప్పటిలా ఉండదు.

పుట్టింటికి వెళ్లడం తప్పేమీ కాదు. ఎలా వెళ్తారన్నదే అసలు విషయం. గొడవపడిన మర్నాడు బ్యాగు సర్దితే అది అలకగానే మిగులుతుంది, రెండు కుటుంబాలు అందులో తలదూరుస్తాయి. మీ పై అంతస్తులో మోత పనులు జరిగే వారం చూసుకుని, వచ్చే తేదీ ముందే చెప్పి, అత్తయ్యను ఎవరు చూసుకుంటారో అనుకుని వెళ్లండి. అప్పుడు ఆయన కూడా మిమ్మల్ని బస్సెక్కించడానికి వస్తారు. మీ అమ్మగారింట్లో ఇంటి గురించి ఎంత చెప్పినా పర్వాలేదు, ఆయన అన్న ఆ ఒక్క మాట మాత్రం అక్కడ చెప్పకండి. మీరిద్దరూ మర్చిపోయాక కూడా వాళ్లు గుర్తుపెట్టుకుంటారు.

ఇన్ని చేసినా, డాక్టరు చెప్పినా, మెట్లదారిలో అడ్డాలు ఉన్నా ఆయన "ఓపిక పట్టు" అనే అంటే, అప్పుడు సమస్య ఫ్లాట్‌ది కాదు. మీ మాటకు ఇంట్లో విలువ ఉందా అన్నది. అది మీరు ఒక్కరే కూర్చుని తేల్చుకోగలిగేది కాదు. ఇద్దరూ కలిసి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. ఆయన రానంటే మీరొక్కరైనా వెళ్లండి, ఈలోగా పిల్లాణ్ని, పెద్దావిడను క్షేమంగా ఉండే చోటికి మార్చే పని మాత్రం ఆయన ఒప్పుకోలు కోసం ఆపకండి.