హ్యాండ్ బ్రేక్ మీంచి చెయ్యి తియ్యండి మాస్టారూ

ప్రశ్న: మాది ఖమ్మం. హైస్కూల్లో లెక్కల టీచర్ని, ఇంకో రెండేళ్లలో రిటైర్ అవుతాను. మా అమ్మాయికి 24 ఏళ్లు, రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం, జీతం 42 వేలు. కారు కొనుక్కుంటానంటోంది. ఆఫీసులో ఒకబ్బాయి పైచదువులకు వెళ్తూ 2021 వ్యాగన్ఆర్ అమ్ముతున్నాడట. నాలుగు లక్షల చిల్లర, దాచుకున్న డబ్బు సరిపోతుందంటోంది. నేను వద్దన్నాను. కొంటే కొత్తది, పెద్దది కొనాలి. 11 లక్షల్లో మంచి బండి వస్తుంది, తన డబ్బు కొంత కట్టి మిగతా 9 లక్షలు లోన్ పెడదాం, తను ఈఎంఐ కట్టుకుంటుంది, బండి నా పేరు మీద ఉంటుంది అన్నాను. రేపు పెళ్లయితే ఎవరింటికి పోతుందో తెలియదు కదా. పైగా లైసెన్స్ ఉందన్న మాటేగానీ నడపడం సరిగా రాదు. ఇంటి కారు ఇస్తే పక్కన కూర్చుని హ్యాండ్ బ్రేక్ మీద చెయ్యి వేసే ఉంచాల్సి వచ్చింది. దాని తమ్ముడు ఇంటర్ నుంచే నడుపుతున్నాడు, వాడితో ఏ ఇబ్బందీ లేదు. నెల రోజులుగా అమ్మాయి ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడుతోంది. కొత్తగా నడిపేవాళ్లకు కొత్త కారు మంచిదా, పాతదా? ఏ మోడల్ కొనాలి?

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి హ్యాండ్ బ్రేక్ దగ్గర ఆగిపోయాను.

పక్క సీట్లో నాన్న. ఆయన కుడిచెయ్యి బ్రేక్ మీద. ఎదురుగా ఆటో వచ్చినా, గేదె అడ్డం వచ్చినా ఆ చెయ్యి బిగుసుకుంటుంది. ఆ పిల్ల రోడ్డు చూస్తుందా, మీ చెయ్యి చూస్తుందా? మీరు నలభై మంది పిల్లల ముందు నిలబడి లెక్కలు చెప్పినవారు. బోర్డు దగ్గరికొచ్చిన పిల్లాడి చేతిలోంచి ప్రతి అంకెకూ చాక్‌పీస్ లాక్కుంటే వాడికి లెక్క వస్తుందా? సరిగా రాదని మీరు రాశారు. రానిచ్చారా అని నేను అడుగుతున్నాను.

ఇక తమ్ముడి సంగతి. ఇంటర్ నుంచే అంటే పదహారో పదిహేడో అన్నమాట. మైనర్ బండి నడిపి దొరికితే తండ్రికి లేదా బండి యజమానికి 25 వేల జరిమానా, మూడేళ్ల వరకు జైలు, ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. 2019లో చట్టం మార్చినప్పుడు వచ్చిన నిబంధన ఇది. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ కూడా ఇవ్వరు. అంత ప్రమాదాన్ని కొడుకు కోసం నెత్తిన పెట్టుకున్న మీరు, లైసెన్స్ చేతిలో ఉన్న కూతురి పక్కన బ్రేక్ పట్టుకుని కూర్చున్నారు. మీరు చెడ్డ తండ్రి అని నేననను. కూతురికి ఏమైనా అవుతుందేమో అన్న భయం నిజమే. ఆ భయం కొడుకు విషయంలో ఎందుకు రాలేదో మాత్రం ఒక్కసారి కూర్చుని ఆలోచించండి.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు మా నాన్నకు పాత ఫియట్ ఉండేది. నాకు నడపడం వచ్చు. నాన్న ఊళ్లో లేని ఒక రాత్రి అమ్మకు ఆయాసం ఎక్కువైంది. కారు తాళం ఇంట్లో లేదు. అవసరమైతే తీసుకెళ్లమని ఎదురింటి అబ్బాయికి ఇచ్చి వెళ్లారట. ఆ అబ్బాయిని నిద్ర లేపి, అతను చొక్కా వేసుకుని వచ్చేదాకా గేటు పట్టుకుని నిలబడ్డాను. అమ్మకు నయమైంది. ఆ తాళం గురించి నాన్నను నేనెప్పుడూ అడగలేదు, అడగాల్సింది. మీ అమ్మాయి అడుగుతోంది, అందుకు సంతోషించండి.

ఇప్పుడు మీరు మామూలుగా రాసేసిన ఇంకో మాట. పెళ్లయితే ఎవరింటికి పోతుందో అన్నారు. ఆమె జీతం, ఆమె దాచుకున్న డబ్బు, ఈఎంఐ కట్టేదీ ఆమే. ఆ బండి ఆమె ఎక్కడుంటే అక్కడుంటుంది, ఇందులో పోవడం ఏముంది? ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని మన దగ్గర చట్టం 1985 నుంచీ ఉంది. మీరు తండ్రి ఆస్తి సంగతి కూడా మాట్లాడటం లేదు, ఆమె సంపాదన మీద మీ పేరు రాసుకుంటానంటున్నారు. మాస్టారూ, ఇది నాకు నచ్చలేదు.

పేరు మీది, నడిపేది ఆమె అయితే ఆమెకే నష్టం. ఇన్సూరెన్స్‌లో యజమానికి 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది ఆర్సీలో పేరున్న, లైసెన్స్ ఉన్న యజమానికే. రేపు జరగరానిది జరిగితే స్టీరింగ్ ముందున్న మీ అమ్మాయికి ఆ కవర్ వర్తించదు. ఆమె క్షేమం గురించే కదా మీ టెన్షన్ అంతా?

లోన్ లెక్క మీకు నేను చెప్పాలా! 9 లక్షలు, 9.5 శాతం వడ్డీ, ఏడేళ్లు అనుకోండి. నెలకు దాదాపు 14,700. మొత్తం 12 లక్షల 35 వేల పైచిలుకు. 42 వేల జీతంలో మూడోవంతు కంటే ఎక్కువ, ఆమెకు 31 ఏళ్లు వచ్చేదాకా. హాస్టల్ అద్దె, పెట్రోలు, ఏటా ఇన్సూరెన్స్ ఇంకా కలపలేదు. ఉద్యోగం మారాలన్నా, చదువుకోవాలన్నా ఈఎంఐ గుర్తొచ్చి ఆగిపోతుంది. ఆమె మీకంటే బుద్ధిగా లెక్క వేసుకుంది. అప్పు లేకుండా, తాహతుకు తగ్గది, చిన్నది. మొదటి ఏడాది అపార్ట్‌మెంట్ సెల్లార్లో పిల్లర్‌కి ఒకసారైనా రాసుకుంటుంది, అందరికీ రాసుకుంటుంది. ఆ గీత పాత బండి మీద పడితే రెండు రోజుల బాధ. మీ పేరున్న 11 లక్షల బండి మీద పడితే ఆమె మళ్లీ తాళం ముట్టుకోదు.

ఒక్క చోట మీ భయానికి ఆధారం ఉంది, అది ఒప్పుకుంటాను. కార్ల భద్రతకు స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వాళ్లు 2023లో గుద్ది చూసిన పరీక్షలో వ్యాగన్ఆర్‌కు పెద్దవాళ్ల భద్రతలో ఐదుకు ఒక్క స్టారే వచ్చింది. అదే సంస్థ అంతకుముందు పెట్టిన పరీక్షల్లో టాటా ఆల్ట్రోజ్‌కు 2020లో, పంచ్‌కు 2021లో పెద్దవాళ్ల భద్రతలో ఐదేసి స్టార్లు వచ్చాయి. ఇవీ చిన్న కార్లే, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతున్నాయి. “అమ్మా, ఇంకో నెల ఆగి వీటిని కూడా చూడు, తక్కువ పడితే ఆ కాస్తా నేనిస్తాను” అనండి. రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేని బండి మాత్రం ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఎన్ని స్టార్లున్నా బెల్టు పెట్టుకోకపోతే దండగే, వెనక కూర్చున్నవాళ్లయినా సరే.

ఏది తీసుకున్నా తెలిసిన మెకానిక్‌కు చూపించి, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి. టైరు మీది కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి, 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే లోన్ తీరినట్టు ఎన్‌ఓసీ చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు. పాత చలాన్లు కట్టించండి. కొన్నాక ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు, ఆర్సీ 30 రోజుల్లోపు అమ్మాయి పేరుకు మార్చడానికి అప్లై చెయ్యాలి. ఇన్సూరెన్స్ తర్వాత చూద్దాంలే అని చాలామంది వదిలేస్తారు, క్లెయిమ్ దగ్గర బాధపడతారు. ఈ తిరుగుడు మీరు తిరగండి మాస్టారూ, ఆమెకు సెలవు దొరకదు. తండ్రి చెయ్యాల్సిన పని ఇక్కడ బోలెడుంది.

హైవే మీదికి వెంటనే వద్దని చెప్పండి, ఆ మాటకు మీకు హక్కుంది. రెండు మూడు నెలలు సిటీలో ఆదివారాలు పొద్దున్నే తిరగనివ్వండి. తర్వాత పగటిపూట సూర్యాపేట మీదుగా ఖమ్మం వస్తుంది. రాత్రి ప్రయాణాలు ఇంకా తర్వాత. ఇవే షరతులు తమ్ముడికీ పెట్టండి, ఆమె వినేలా పెట్టండి.

ఈ రాత్రే ఫోన్ చెయ్యండి. మోడల్ గురించి మాట్లాడేముందు, ఆ రోజు బ్రేక్ మీద చెయ్యి పెట్టి తప్పు చేశానని చెప్పండి. కూతురికి తండ్రి అలా చెప్తే పరువేమీ పోదు. ఆమె ఆ కారు వేసుకుని వచ్చిన మొదటి ఆదివారం మీ ఆవిడను ముందు కూర్చోబెట్టి, మీరు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చోండి. దారి తప్పినా పర్వాలేదు, ఆమె అడిగేదాకా చెప్పకండి.