‘మిస్ అవుతున్నా’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి మొన్న ఫోన్లో ‘అమ్మమ్మా, నిన్ను బాగా మిస్సవుతున్నా’ అంటే మా అమ్మ ‘ఏ బస్సే?’ అంది. నవ్వుకున్నాం గానీ, దానికి తెలుగు మాట మాకూ తట్టలేదు. అసలు మిస్ అంటే తప్పిపోవడమా, గుర్తుకు రావడమా? ‘మిస్ అవు’ అనాలా, ‘మిస్ చేయి’ అనాలా? అమ్మాయిల పేరుకు ముందు పెట్టే మిస్ కూడా ఇదేనా?

సమాధానం: మీ అమ్మగారు అడిగినదాంట్లో తప్పేం లేదండీ, ఆ క్రియ అసలు అర్థాన్నే ఆవిడ పట్టుకున్నారు. పాత ఇంగ్లిషులో దాని రూపం మిస్సన్, అర్థం గురి తప్పడం. బేవుల్ఫ్ అనే పాత కావ్యంలో ఒక రాజుగారి కొడుకు బాణం వేస్తే అది గురి తప్పి సొంత అన్నకే తగిలి ఆ అన్న చనిపోతాడు, అక్కడ వాడిన క్రియ ఇదే. గురి తప్పడం నుంచి అందుకోలేకపోవడం, అక్కణ్ణుంచి ‘ఉండాల్సింది లేదే’ అని గమనించడం, ఆ లేమికి బాధపడడం, ఇలా జరుగుతూ వచ్చి 15వ శతాబ్ది చివరికి మీ అమ్మాయి చెప్పిన అర్థం స్థిరపడింది.

నాకు ముచ్చటేసేది ఏంటంటే, మన ‘తప్పు’ క్రియ కూడా చాలా దూరం ఇదే దారిలో నడిచింది. గురి తప్పింది, బస్సు తప్పిపోయింది, జాతరలో పిల్లాడు తప్పిపోయాడు, గండం తప్పింది, అన్నిచోట్లా ఇంగ్లిషువాడు మిస్ అనే అంటాడు. ‘నెల తప్పింది’ అన్నదీ అంతే, ఆ మాట మనం వాడి దగ్గర అరువు తెచ్చుకోలేదు, వాడు మన దగ్గరా తీసుకోలేదు. పది తప్పాడు, మాట తప్పాడు, స్పృహ తప్పింది లాంటివి మాత్రం మన సొంతం. కానీ చివరి మెట్టు దగ్గర మన క్రియ ఆగిపోయింది, ‘నిన్ను తప్పుతున్నాను’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

దానికి మనకి బెంగ ఉంది. హాస్టల్లో వేసిన పిల్ల అమ్మ మీద బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంటుంది, ఇది మనందరికీ తెలిసిందే. తెలంగాణలో ‘యాదికొస్తున్నవ్’ అంటారు, మనసులో బాధ గట్టిగా ఉంటే రంది పెట్టుకున్నది అంటారు. మనిషి లేనితనం ఇంటికి అంటితే ‘నువ్వెళ్లాక ఇల్లు బోసిపోయింది’ అంటాం. ఇంగ్లిషు ఒక్క క్రియతో కానిచ్చేదాన్ని మనం ఎవరి మీద, ఎంత, ఎక్కడ అన్నది చూసుకుని రకరకాలుగా చెప్తాం, నా మటుకు నాకు ఇదే బాగుంటుంది. అయితే పెళ్లికి రాలేకపోయినవాడు ‘మీ పెళ్లి బాగా మిస్సయ్యాను’ అంటే అక్కడ బెంగ పనికిరాదు. అలాంటిచోట మిస్ ఉంచుకోండి, కొంపేం మునగదు.

ఇక అవు, చేయి సంగతి. ‘క్యాచ్ మిస్ చేశాడు’ అంటే తప్పు వాడిది, ‘బస్సు మిస్సయ్యాను’ అంటే నా చేతుల్లో లేదు పాపం అని. ‘బస్సే మిస్సయింది’ అంటే ఇంకా తెలివి, నేరం బస్సు మీదికి పోయింది! ఈ తేడా ఇంగ్లిషులో లేదు, మనం కలుపుకున్నదే. తమాషా అంతా ‘నిన్ను మిస్సవుతున్నా’లో ఉంది. అవు అకర్మక క్రియ, దానికి ‘నిన్ను’ అనే కర్మ అతకదు, ‘నిన్ను సంతోషమవుతున్నా’ అనం కదా. అయినా ఇంగ్లిషు వాక్యంలోని కర్మ అలాగే వెంట వచ్చేసింది. వ్యాకరణం ఒప్పుకోకపోయినా జనం ఒప్పుకున్నారు, ‘నిన్ను మిస్ చేస్తున్నా’ అని మాత్రం ఎవరూ అనరు. కాబట్టి అవు అనే అనండి. అమ్మమ్మతో అయితే ‘నీ మీద బెంగగా ఉంది’ అంటే సరి, ఆవిడ బస్సు ఊసెత్తరు.

పేరుకు ముందుండే మిస్‌కీ దీనికీ చుట్టరికం లేదు. అది మిస్ట్రెస్ అన్నమాటని కురచ చేయగా 17వ శతాబ్దిలో పుట్టింది. మిస్టేక్‌లో ముందున్న మిస్ మాత్రం ఈ మిస్ క్రియకి దగ్గరి బంధువే.