నిజాంపేట, బాచుపల్లి వైపు ఇల్లు కొనుక్కోవచ్చా? అక్కడ ఉంటున్నవాడిగా నా జవాబు

మీరు అడిగింది రెండు ముక్కల్లో: ఆఫీసు హైదరాబాద్ హైటెక్ సిటీలో, బడ్జెట్ చూస్తే నిజాంపేట, బాచుపల్లి వైపే కుదురుతోంది, అక్కడ బతుకు ఎలా ఉంటుంది? అసలు అది ఊరా, సిటీనా, లేక ఉత్త అపార్ట్‌మెంట్ల గుంపా?

మాది తణుకు పక్కన పల్లెటూరు. 2012 నుంచి నిజాంపేటలోనే ఉంటున్నాం, ముందు అద్దెకి, తర్వాత సొంత ఫ్లాట్‌లో. నాకు ఈ చోటంటే చాలా ఇష్టం, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కానీ ఇక్కడ అన్నిటికన్నా ముందు ఇళ్ళు వచ్చాయి, నీళ్ళు, డ్రైనేజీ, రోడ్డు, మున్సిపల్ ఆఫీసు, అన్నీ ఆ ఇళ్ళ వెనకాల పరిగెత్తుకుంటూ వచ్చాయి, కొన్ని ఇంకా దారిలోనే ఉన్నాయి. ఇక్కడి మంచీ చెడూ రెండూ అందులోంచే పుట్టాయి.

ముంబై హైవేకి అవతల కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ ఎనభైల్లోనే వచ్చింది, ప్రభుత్వమే ప్లాను గీసి, రోడ్లు వేసి కట్టిన కాలనీ అది. ఇటువైపు అలాంటిదేమీ లేదు. వీఎన్‌ఆర్ కాలేజీ 1995లో, గోకరాజు రంగరాజు కాలేజీ 1997లో వచ్చినప్పుడు చుట్టూ పొలాలూ తోటలే అని ఇక్కడి పాతకాపులు చెబుతారు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ అనే ఐటీ బిల్డింగ్ మొదలైంది, ఆ తర్వాత హౌసింగ్ బోర్డులో అద్దెలు పెరిగాయి, అక్కడ కొనలేనివాళ్ళు హైవే దాటి ఇటు వచ్చారు. అప్పటికి ఇది గ్రామ పంచాయతీ. 2007లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు పాత హైదరాబాద్ కార్పొరేషన్‌తో కలిపి జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్) చేసినప్పుడు కూకట్‌పల్లి అందులోకి వెళ్ళింది, నిజాంపేట బయటే ఉండిపోయింది. రేటు తక్కువ ఉండటానికి ఒక కారణం అదే, ఇబ్బందులకీ అదే. పంచాయతీ పర్మిషన్ రెండంతస్తులకి తీసుకుని పైన ఇంకో మూడు లేపిన బిల్డింగులు వీధి వీధికీ కనిపిస్తాయి. రెండు వందల గజాల స్థలాల్లో పక్క పక్కనే ఐదంతస్తులు, మా వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే పక్కవాళ్ళ బాల్కనీ రెయిలింగ్ తగులుతుంది.

నీళ్ళ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ కాపురం అంటే సగం నీళ్ళ గొడవే. కింద అంతా గ్రానైట్ రాయి. రాతిలో పగులు తగిలితే బోరు పడుతుంది, తగలకపోతే వెయ్యి అడుగులు దాటినా దుమ్మే వస్తుంది. ఎల్లంపల్లి ప్రాజెక్టు నుంచి గోదావరి నీళ్ళు 2015లో నగరానికి వచ్చాయి, పైపులు మెల్లగా ఇటు కూడా చేరాయి, పాత రోజులతో పోలిస్తే ఇప్పుడు చాలా నయం. కానీ ఎండాకాలం వస్తే ట్యాంకర్ తప్పదు. పొద్దున ఐదింటికి సందు మొదట్లో హారన్ వినబడుతుంది, వాచ్‌మన్ పరిగెత్తుకెళ్ళి సంపు మూత తీస్తాడు, డ్రైవర్ లావుపాటి పైపు లోపలికి దించుతాడు, అప్పుడే మూడో అంతస్తు పెద్దాయన బనీనుతో కిందికి దిగి ట్యాంకర్ నిండుగా ఉందో లేదో టార్చి వేసి మరీ చూస్తాడు. ఆ పెద్దాయన రిటైరైన లెక్కల మాస్టారు, మా అసోసియేషన్ ట్రెజరర్. పాలు, పేపరు లెక్క రాసినట్టు ట్యాంకర్ల లెక్క రాస్తారాయన, నెలాఖరుకి ఎవరి వాటా ఎంతో గ్రూపులో పెడతారు. ఇచ్చేది ఆలస్యమైతే ఫోన్ చెయ్యరు, ఇంటికే వచ్చి కూర్చుని కాఫీ తాగి మరీ అడుగుతారు.

అపార్ట్‌మెంట్ల గుంపు కాదు అని నేను గట్టిగా అనేది అందుకే. ప్రభుత్వం చెయ్యాల్సినవి చాలా ఏళ్ళు ఇక్కడ జనమే చందాలేసుకుని చేసుకున్నారు: వీధి దీపం, మోరీ మూతలు, సీసీ కెమెరా, గుడి, ఆఖరికి గుంతల్లో పోయడానికి కంకర కూడా. అలా చేసుకోవలసి రావడం న్యాయం కాదు, పన్ను మేమూ కట్టాం. అయినా ఆ చందాల వల్లే పక్కింటివాళ్ళ పేర్లు తెలిశాయి.

2016 సెప్టెంబరు వానలు మాత్రం ఎవరూ మర్చిపోరు. ఇక్కడి తుర్క చెరువు నిండి పొంగితే నిజాంపేటలోని భండారీ లేఅవుట్ కాలనీ మునిగింది. సెల్లార్లు నిండిపోయి, కార్లు మునిగి, కరెంటు లేక జనం పై అంతస్తుల్లోనే ఉండిపోయారు. చెరువు నీళ్ళు పోయే దారిలో ఇళ్ళు కడితే నీళ్ళు ఇళ్ళలోకే వస్తాయి కదా, అందులో వింతేముంది. వానని తిట్టేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది.

మీరు సిటీనా అని అడిగారు కదా, కాగితం మీద కొన్నాళ్ళు సిటీయే అయింది. 2019లో నిజాంపేట, బాచుపల్లి, ప్రగతి నగర్ కలిపి నిజాంపేట మున్సిపల్ కార్పొరేషన్ చేశారు, 2020 జనవరిలో ఎన్నికలు జరిగాయి, మాకంటూ ఒక మేయర్, కార్పొరేటర్లు వచ్చారు. ఆ ఒక్క పాలకవర్గంతోనే సరి. 2025 చివర్లో శివారులో ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లని జీహెచ్‌ఎంసీలో కలిపేశారు, అందులో మాదీ పోయింది. నాకైతే కొంచెం బాధగానే ఉంది. చెత్తబండి రాకపోతే ఎవరిని అడగాలో తెలిసిన ఆఫీసు ఒకటి నడిచి వెళ్ళే దూరంలో ఉండేది.

మనుషుల సంగతికొస్తే, గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళు ఎక్కువ, సంక్రాంతికి సగం ఫ్లాట్లకి తాళాలే. అలాగని ఇది కోస్తావాళ్ళ ఊరు మాత్రమే అనుకోకండి. ఆషాఢంలో బోనాలు మా వీధిలోంచే వెళ్తాయి, బతుకమ్మ రోజుల్లో మా గేటు ముందు వరంగల్ వదిన పేర్చిన బతుకమ్మ చుట్టూ మా ఆవిడా, భీమవరం పిన్నిగారూ, ఒడిశా నుంచి వచ్చిన కొత్త కోడలూ అందరూ తిరుగుతారు. వారానికోసారి సాయంత్రం రోడ్డు పక్కన అంగడి పెడతారు, ఆకుకూరలు, నాటు టమాటా, ఎండుచేపలు అన్నీ దొరుకుతాయి. ఎనిమిది దాటాక వెళ్తే ధర తగ్గుతుంది. కర్రీ పాయింట్లకైతే లెక్కే లేదు.

ప్రయాణం కష్టమే, అది దాచను. మెట్రో 2017లో మియాపూర్ నుంచి మొదలైంది, కానీ అది హైవే మీదే ఉంది, మన ఇంటి దాకా రాదు. జేఎన్‌టీయూ స్టేషన్‌లో దిగి షేర్ ఆటో పట్టుకోవాలి. మీ ఆఫీసుకి బండి మీద జేఎన్‌టీయూ చౌరస్తా దాటి వెళ్తారు, సాయంత్రం వచ్చేటప్పుడు నిజాంపేట రోడ్డు ఎక్కే దగ్గర ఓపిక మొత్తం అయిపోతుంది. వర్క్ ఫ్రం హోం వారానికి రెండు రోజులైనా ఉంటే పర్వాలేదు.

ఫ్లాట్ చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో రండి. బిల్డర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి రోజుకి ఎన్ని ట్యాంకర్లు దిగుతున్నాయో. ప్లాను కాగితం తీసుకుని అంతస్తులు మీరే లెక్కపెట్టుకోండి, పర్మిషన్ లేని అంతస్తులో ఫ్లాట్ ఎంత చవకగా ఇచ్చినా వద్దు, రేపు లోను దగ్గరా, అమ్మేటప్పుడూ టెన్షన్ మీదే. వాన పడ్డ మర్నాడు ఇంకోసారి వచ్చి సెల్లార్ గోడల మీద నీటి చారలు ఉన్నాయేమో చూడండి. చెరువుకి దిగువన ఉన్నదైతే వదిలెయ్యండి. నన్నడిగితే ముందు ప్రగతి నగర్ చూస్తాను, అక్కడ రోడ్లు వెడల్పు, చెట్లు ఎక్కువ. రేటు అందకపోతే అప్పుడు బాచుపల్లి.