సాఫ్ట్ స్కిల్స్ కోర్సుకి పన్నెండు వేలు కట్టే ముందు ఇది చదువు తమ్ముడూ

నెల్లూరులో బీఎస్సీ మొదటి సంవత్సరం అయిపోయింది, ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు సాఫ్ట్ స్కిల్స్ కోర్సుకి పన్నెండు వేలు అడుగుతున్నారు, కడితే ఉద్యోగానికి పనికొస్తుందా అని అడిగావు. అక్కగా చెప్తున్నా, కట్టొద్దు. ఈ వేసవిలో నువ్వు చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుని, అంటే ఒక ఊరికి వెళ్ళి సర్వే చేసి రిపోర్టు రాసే పనిని, నిజంగా చెయ్యి. అంతకు మించిన కోర్సు నెల్లూరులో లేదు.

నేను 2021లో విక్రమ సింహపురి యూనివర్సిటీ కింద ఉన్న ఒక కాలేజీలో చేరాను. అప్పటికే ఉన్నత విద్యామండలి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ అంతా. ఏర్పాటు చాలా మంచిది. కానీ జిరాక్స్ షాపుకి వెళ్తే రిపోర్టు తయారుగా దొరుకుతుంది, ఊరి పేరు, హాల్ టికెట్ నంబరు మార్చి బైండింగ్ చేసిస్తారు. లెక్చరర్లకీ తెలుసు, సంతకం పెట్టేస్తారు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పల్లెటూరి పిల్లలకి దొరికిన ఒకే ఒక్క మంచి అవకాశాన్ని మనవాళ్ళే చెడగొడుతున్నారు.

మా టీమ్‌కి ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న ఊరొకటి ఇచ్చారు. సర్వే ఫారాలు పట్టుకుని గుంటల గట్ల మీద తిరిగేవాళ్ళం. రైతులు మొహం చాటేసేవాళ్ళు. ఎందుకు మాట్లాడాలి వాళ్ళు? ఎంత చదువుకున్నారు, ఎన్ని ఎకరాలు అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళని వాళ్ళు చాలామందిని చూశారు. ఒకాయన మాత్రం మోటారు షెడ్డులో నులక మంచం మీద కూర్చోమని, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. నీళ్ళ ల్యాబ్ రిపోర్టు. అంతా ఇంగ్లీషులో ఉంది. "ఏం పాపా, సదువుకునేదానివి గదా. ఇందులో ఏముందో నాకు అర్థమయ్యేట్టు చెప్పు. మేత అమ్మేవాణ్ణి అడిగితే ఇంకో మందు డబ్బా అంటగడతా ఉండాడు" అన్నాడు.

పీహెచ్, అంటే నీళ్ళలో ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, ఎక్కువుంది. మిగిలిపోయిన మేత నుంచీ రొయ్యల వ్యర్థాల నుంచీ పుట్టే అమ్మోనియా కూడా ఉంది. పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా రొయ్యకి ఎక్కువ విషమవుతుందని నాకు తెలుసు, చెప్పాను. "సరే, ఇప్పుడు నేనేం చెయ్యాల?" అన్నాడు. పరీక్షలో ఎవరూ అడగని ప్రశ్న అది. రేపు పొద్దున కనుక్కొచ్చి చెప్తానన్నాను. దారిలో మా వాళ్ళు "ఫారం నిండింది కదా, మళ్ళీ ఎందుకు?" అన్నారు. నేను ఆ సాయంత్రం మా జువాలజీ మేడమ్‌కి ఫోన్ చేసి అడిగి, అరపేజీ తెలుగులో రాసుకున్నాను. మేత తగ్గించాలి, పొద్దునా సాయంత్రం రెండుసార్లూ పీహెచ్ చూసి తేడా 0.5 దాటుతుందేమో గమనించాలి, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుంటుంది కాబట్టి ఆ టైంలో నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపకూడదు. మర్నాడు మొదటి బస్సుకి వెళ్ళి చదివి వినిపించాను. ఆయన ఆ కాగితం షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఆ తర్వాత పక్క గుంటల వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే రిపోర్టులు తెచ్చుకుని మా దగ్గరికి వచ్చారు. సర్వే ఫారాలు వాటంతట అవే నిండాయి.

నాకు తెలిసి ఉద్యోగానికి కావాల్సిన నైపుణ్యమంతా అందులోనే ఉంది. తెలియనిది కనుక్కోవడం, ఎదుటివాడికి అర్థమయ్యే భాషలో చెప్పడం, వస్తానన్న టైంకి వెళ్ళడం. నాలుగోది ఉద్యోగంలోకి వచ్చాక తెలిసింది, రికార్డు నిజంగా రాయడం.

ఇప్పుడు నేను ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో క్వాలిటీ సెక్షన్‌లో ఉన్నాను. కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 డిగ్రీలు గానీ అంతకన్నా చల్లగా గానీ ఉండాలి, గంట గంటకీ చూసి రిజిస్టర్‌లో రాయాలి. కొత్తగా చేరిన పిల్లలు కొందరు షిఫ్ట్ చివర్లో కూర్చుని రోజంతటిదీ ఒకేసారి రాసేస్తారు. మైనస్ 18, మైనస్ 18, మైనస్ 18, అదే పెన్ను, అదే వాలు, ఎక్కడా ఒక్క కొట్టివేత ఉండదు. చూడగానే తెలిసిపోతుంది. సరుకు ఏ గుంటదో, ఏ రోజు గుంటలోంచి పట్టారో, యాంటీబయోటిక్ పరీక్షలో ఏం వచ్చిందో విదేశీ కొనుగోలుదారు అడిగితే చూపించేది ఈ కాగితాలే. జిరాక్స్ షాపు రిపోర్టుతో డిగ్రీ పూర్తి చేసినవాడికి ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది? కాలేజీ నేర్పింది.

ఆ సాఫ్ట్ స్కిల్స్ వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా కాలేజీకి వచ్చినాయన నెల్లూరు ఎండల్లో మగపిల్లలందరికీ టై కట్టించి, తెలుగు మాట్లాడితే ఫైన్ అన్నాడు. దాంతో మాట్లాడే పిల్లలు కూడా నోరు మూసుకున్నారు. ఇంగ్లీషు కావాలి, కాదనను, మెయిల్ తప్పుల్లేకుండా రాయగలగాలి. కానీ మా ప్లాంట్‌లో ఒడిశా నుంచి వచ్చి పనిచేసేవాళ్ళు చాలామంది, వాళ్ళకి పని చెప్పాలంటే నాకు రోజూ అక్కరకొచ్చేది హిందీ. అది ఏ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళూ చెప్పలేదు. ఇంటర్వ్యూలో నన్ను అడిగింది కూడా "మీ అంతట మీరు చేసిన పని ఒకటి చెప్పండి" అని. షెడ్డు గోడ మీది కాగితం సంగతి చెప్పాను. తర్వాత ప్రశ్నలన్నీ దాని మీదే నడిచాయి.

నీది ఏ సబ్జెక్టో రాయలేదు. కామర్స్ అయితే పొదలకూరు నిమ్మ మార్కెట్‌కి వెళ్ళి రైతుకి చేతికొచ్చిన డబ్బులో కూలీ, రవాణా, కమీషన్ ఎంత పోయాయో లెక్క రాసివ్వు. కంప్యూటర్స్ అయితే పొదుపు సంఘం లెక్కల పుస్తకం అడిగి ఎక్సెల్‌లో పెట్టి, ప్రింట్ తీసి వాళ్ళకే ఇవ్వు. ఎక్సెల్‌కి వేరే కోర్సు అక్కర్లేదు, నిజమైన లెక్క ఎదురుగా ఉంటే అదే వచ్చేస్తుంది. టీమ్‌లో మిగతావాళ్ళు రాకపోతే ఒక్కడివే వెళ్ళు. ఊళ్ళో ఉదయం తొమ్మిది దాటితే ఎవరూ దొరకరు, ఏడు లోపే అక్కడుండేట్టు చూసుకో.