నర్సు కాకపోయి ఉంటే? నేనైతే కాళహస్తిలో కలం పట్టుకునేదాన్ని

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ చెల్లెలి కూతురు ఇంటర్ బైపీసీ పాసైంది, బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పిద్దామని ఇంట్లో అనుకుంటున్నారు, పాపకేమో బొమ్మలు గీయడమంటే ప్రాణం. అందుకే "ఇప్పటికే నర్సులుగా ఉన్నవాళ్లు చెప్పండి, నర్సు కాకపోయి ఉంటే ఏమయ్యేవాళ్లు, ఇప్పుడు బాధపడుతున్నారా" అని అడిగారు.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి 20 ఏళ్లు దాటింది. నర్సు కాకపోయి ఉంటే కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులు వేసే పని, చేసుకుంటూ బతికేదాన్ని. బాధ ఉంది. అయితే నర్సు అయినందుకు కాదు, ఆ సంగతి కిందకి పోయాక చెప్తాను.

మాది ఏర్పేడు దగ్గర ఒక పల్లె. మా మేనత్తను కాళహస్తిలో ఇచ్చారు. ఎండాకాలం సెలవులు వస్తే నేను అక్కడే. అత్త వాళ్ల వెనకింట్లో కలంకారీ వేసేవాళ్లు. ఆ ఇంటి వాకిట్లోకి అడుగుపెడితే ముందు వాసనే తగిలేది. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి, ఎనుము (గేదె) పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. పాలు ఎందుకంటే, రంగు గుడ్డలో అటూ ఇటూ పాకకుండా గీసిన చోటే నిలబడడానికి. మూలన ఒక కుండ ఉండేది. అందులో తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి రోజుల తరబడి ఊరబెట్టేవాళ్లు. అదే కసిమి, నల్ల రంగు. పులిసిన పాల వాసన, ఆ కుండ వాసన కలిసి వచ్చేవి. మా అత్త కూతుళ్లు ముక్కు మూసుకుని పారిపోయేవాళ్లు. నేను మాత్రం అక్కడే చతికిలబడేదాన్ని.

నన్ను కట్టిపడేసింది ఒక చిన్న విషయం. కసిమిలో ముంచిన కలం గుడ్డకు తాకినప్పుడు గీత మొదట పల్చగా నీళ్ల చారలా కనిపిస్తుంది. చూస్తూ ఉండగానే నల్లబడుతుంది. ఆంజనేయుడి తోక గీస్తుంటే కలం చివరికి పోయేలోపు మొదలు నల్లగా అయిపోయేది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు. కరక్కాయలో ఉండే టానిన్లకు, అంటే వగరు పదార్థాలకు, ఇనుము తగిలితే ఆ నలుపు వస్తుందని చాలా ఏళ్లకు అర్థమైంది. అదీ ఎక్కడ? నర్సింగ్ క్లాసులో. గర్భిణులకు ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దని చెప్తాం కదా, టీలో ఉండే టానిన్లు ఇనుమును పట్టేసి ఒంటికి అందనివ్వవు. మేడం అది చెప్తుంటే నాకు కాళహస్తిలో ఆ వాకిలి కళ్లముందు తిరిగింది.

(మన వాళ్లు చాలామంది కలంకారీ అంటే అంతా ఒకటే అనుకుంటారు. మచిలీపట్నం పక్కన పెడనలో వేసేది చెక్క అచ్చులతో. కాళహస్తిది వెదురు పుల్లకు ఉన్ని చుట్టి చేత్తో గీసేది. రెండూ గొప్పవే, కానీ పని వేరు.)

ఇంటర్ అయ్యాక ఇంట్లో ఈ మాట ఒక్కసారే ఎత్తాను. అది 2001. బోరు ఎండిపోతా ఉంది, చెనిక్కాయ (వేరుశనగ) పంట రెండేళ్లుగా పెట్టుబడి కూడా తిరిగి ఇవ్వలేదు. మా నాయన కోప్పడలేదు. "ఆ పనికి నెలాఖరుకి జీతమిచ్చేది ఎవురు పాపా? నర్సయితే యాడికి పోయినా అన్నం పుడతాది. నీ ఎనకాల ఇద్దరు ఉండారు" అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. తిరుపతిలో జీఎన్ఎంలో చేరాను. 2005లో మొదటి జీతం 2,800 రూపాయలు. అది తీసుకుపోయి నాయన చేతిలో పెట్టిన రోజు నేను మర్చిపోను. నా ఎనకాల ఇద్దరూ ఆ జీతాలతోనే చదువుకున్నారు.

ఆ మొదటి ఆసుపత్రిలో రెండేళ్ల బాండ్ రాయించుకుని ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే పెట్టుకున్నారు. పెళ్లికి నాలుగు రోజులు సెలవు అడిగితే ఇచ్చినవి రెండు. పాపను నర్సింగ్‌లో చేర్పిస్తే ఈ విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఎక్కడ చేరినా జిరాక్సులే ఇవ్వాలి. ఒరిజినల్స్ చూపించి వెంటనే వెనక్కి తీసుకోవాలి.

నాలాంటి వాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని మీకు అనిపిస్తుంది. ప్రతి వార్డులో ఉన్నారు. నైట్ డ్యూటీలో రెండు, మూడు గంటల మధ్య పేషెంట్లు కాస్త కునుకు తీసే వేళ ఈ మాటలు బయటికి వస్తాయి. మా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు టీటీడీ వాళ్ల సంగీత, నృత్య కళాశాలలో చేరి అన్నమయ్య కీర్తనలు పాడాలని ఉండేదట. ఇప్పటికీ డ్రెస్సింగ్ చేసేటప్పుడు గొంతులోనే ఏదో ఒకటి నడుస్తా ఉంటుంది. ఐసీయూలో ఒక బ్రదర్ ఎస్సై కావాలని రెండుసార్లు పరుగు పరీక్ష దాకా పోయి వచ్చాడు. టీచర్ కావాలనుకుని డీఎస్సీ కోసం ఎదురుచూసి విసిగి ఇటు వచ్చినవాళ్లయితే లెక్కే లేదు.

ఒకామె గురించి మాత్రం వివరంగా చెప్పాలి. సూళ్లూరుపేట వైపు అమ్మాయి. చిన్నప్పుడు మిద్దెక్కి శ్రీహరికోట రాకెట్లు చూస్తూ పెరిగింది. ఆ రాకెట్లు వదిలే కేంద్రం షార్‌లో ఇంజనీరు కావాలని కోరిక. లెక్కల్లో ఊరికే మంచి మార్కులు వచ్చేవట. ఎంపీసీ చదివితే తర్వాత ఇంజనీరింగ్‌కు డబ్బు ఎక్కడిదని ఇంట్లో బైపీసీలో చేర్పించారు. 2023 జూలై 14న చంద్రయాన్-3 ఎగిరింది మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు. మాకు షిఫ్ట్ మారే వేళ. ఆమె ఆ రోజు హ్యాండోవర్, అంటే తర్వాతి షిఫ్ట్ వాళ్లకు పేషెంట్లను అప్పజెప్పడం, గబగబా ముగించింది, కానీ ఒక్క పేషెంటు విషయం కూడా వదిలేయలేదు, నేనే తీసుకున్నాను కాబట్టి తెలుసు. ఆ తర్వాత మెట్ల దగ్గర నిలబడి ఫోన్లో చూసింది. కౌంట్‌డౌన్ వాళ్లతో పాటు పెదాలు కదుపుతూ తనూ లెక్కపెట్టింది. పైకి లేచాక ఫోన్ జేబులో వేసుకుని, "అక్కా, 6వ బెడ్ పొటాషియం రిపోర్టు వచ్చిందేమో చూడు" అని చెప్పి బస్సుకు పోయింది. మా వార్డులో డ్రిప్ రేటు, డోసు లెక్క ఎవరికి అనుమానం వచ్చినా ఆమెనే అడుగుతాం.

ఏటా మే 12న మేము దీపాలు పట్టుకుని ఫ్లారెన్స్ నైటింగేల్‌ను తలుచుకుంటాం. దీపం గురించే అందరూ మాట్లాడతారు. ఆమెకు లెక్కలంటే ఎంత పిచ్చో ఎవరూ చెప్పరు. క్రిమియా యుద్ధంలో గాయాల కన్నా నివారించదగిన జబ్బులతోనే ఎక్కువమంది సైనికులు చనిపోయారని 1858లో బొమ్మ గీసి మరీ చూపించింది. బ్రిటన్ స్టాటిస్టికల్ సొసైటీలో మొదటి మహిళా సభ్యురాలు ఆమే. నర్సింగ్‌కు వస్తానంటే ఆమె ఇంట్లోనూ ఒప్పుకోలేదు. మా సూళ్లూరుపేట అమ్మాయికి ఈ సంగతి చెప్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు నా బాధ ఏమిటో చెప్తాను. టీటీడీ వాళ్లు తిరుపతిలో నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఒకటి ఉంది. రాతి పని, చెక్క పని, లోహపు పని నేర్పిస్తారు. కలంకారీ కోర్సు కూడా ఉంది. పదో తరగతి పాసైతే చాలు. నేను ఏళ్ల తరబడి హాస్టల్‌లో ఉండి చదువుకున్నది అదే ఊళ్లో. అలాంటిది ఒకటి ఉందని నాకు 35 ఏళ్లు దాటేదాకా తెలీదు. కాళహస్తిలోనే శిక్షణ కేంద్రం పెట్టి ఈ కళను నిలబెట్టారని, అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిందని కూడా పేపర్లో చదివి తెలుసుకున్నదే. మా నాయన జీతం ఎవరిస్తారని అడిగినప్పుడు నా దగ్గర ఏ జవాబూ లేదు. తెలిసి ఉంటే కూడా ఆయన నర్సింగే అనేవాడేమో. నేను కూడా ఒప్పుకునేదాన్నేమో. కానీ తూచి చూసి వద్దనుకోవడం వేరు, త్రాసులో ఒక పళ్లెం ఖాళీగానే ఉండిపోవడం వేరు.

రెండేళ్ల కిందట, మా అబ్బాయి హాస్టల్‌కు పోయాక, నైట్ ఆఫ్ రోజుల్లో కాళహస్తి బస్సెక్కడం మొదలుపెట్టాను. ఒక అక్క దగ్గర నేర్చుకుంటున్నాను. సిరంజి పట్టిన చేయి కాబట్టి కలం తొందరగా వచ్చేస్తుందని అందరూ అన్నారు, నేనూ నమ్మాను. రాలేదు. డ్రిప్ ఎక్కించడానికి రక్తనాళంలోకి క్యాన్యులా (సన్న గొట్టం) పెట్టడం ఒక్క క్షణం పని. వీన్ దొరికిందా, లోపలికి పోయిందా, అంతే. కలం అట్లా కాదు. ముల్లుకు పైన చుట్టిన ఉన్నిలో రంగు ఉంటుంది. వేళ్లతో ఆ ఉన్నిని నొక్కుతూ, నొక్కుడు ఎక్కువ తక్కువ కాకుండా, చేయి ఆపకుండా లాగాలి. నేను మొదటి నెలంతా చుక్కలే పెట్టాను, గీత రాలేదు. అక్క నా మణికట్టు పట్టుకుని "పొడవద్దు మా, జార్చు" అనేది. ఇప్పుడు ఆకులు, తీగ అంచు వస్తున్నాయి. మొహాలు ఇంకా అక్కే వేస్తుంది.

ఎర్ర రంగు మరీ ఓపిక పని. ఎరుపు రావాల్సిన చోటంతా పటిక నీళ్లు పూయాలి. పూసినప్పుడు కంటికి పెద్దగా ఏమీ కనిపించదు. పారే నీళ్లలో ఉతికి, ఎర్ర రంగు చెక్క వేసిన నీళ్లలో గుడ్డను ఉడికిస్తే పటిక తగిలిన చోటే రంగు నిలుస్తుంది. ఎక్కడ పూశామో ఎక్కడ వదిలేశామో అప్పుడు బయటపడుతుంది. స్వర్ణముఖిలో ఏడాది పొడుగునా నీళ్లుండవు కాబట్టి ఉతుకుడుకే పెద్ద తిప్పలు. ఎండలో కూర్చుని, వంగి, మళ్లీ ఉతికి, మళ్లీ ఆరేసి, ఒక్క గుడ్డ చేతికి వచ్చేసరికి వారాలు పడుతుంది. మిషన్ మీద ప్రింట్ వేసిన చీరను కూడా కలంకారీ అనే అమ్ముతున్నారు. దాని ధర చూపించి అక్కతో బేరమాడేవాళ్లను నేను కళ్లారా చూశాను, కడుపు రగిలిపోయింది.

అక్కకు ఒక్కతే కూతురు. బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం. "నా నడుము నొప్పి దానికి వద్దు" అంటుంది అక్క. నాకూ నడుము నొప్పే, పేషెంట్లను ఎత్తి ఎత్తి వచ్చింది. ఆ మాట అక్కకు చెప్పాను. ఆ అమ్మాయి మాత్రం ఇంటికి వచ్చినప్పుడు అమ్మ పక్కన కూర్చుని మొహాలకు కళ్లు దిద్దుతుంది. చేయి చాలా బాగుంది.

కాబట్టి మీ పాప సంగతి. నర్సింగ్ వద్దని నేను చెప్పను. జ్వరంతో ఒళ్లు తెలియని మనిషి తెల్లవారుజామున కళ్లు తెరిచి "సిస్టర్, నీళ్లు" అన్నప్పుడు కలిగేది నాకు ఏ గుడ్డ మీదా కలగలేదు. కానీ ఫీజు కట్టేముందు రెండు పనులు చేయండి. తిరుపతిలో తెలిసిన నర్సు ఎవరైనా ఉంటే ఒక పూట ఆమె పక్కన కూర్చోబెట్టి నైట్ డ్యూటీ ఎట్లా ఉంటుందో, కాళ్లు ఎట్లా లాగుతాయో చెప్పించండి. తర్వాత పాపను ఆ శిల్ప సంస్థకు, కాళహస్తికి తీసుకుపోండి. అక్కడ నేర్చుకున్నవాళ్లు నెలకు ఎంత సంపాదిస్తున్నారో మొహమాటం లేకుండా అడగండి. పాప ముందరే అడగండి.

కాళహస్తికి వచ్చేటప్పుడు నాకు ఇక్కడే ఒక మెసేజ్ పెట్టండి. నా నైట్ ఆఫ్ కలిస్తే నేనే అక్క ఇంటికి తీసుకుపోతాను. ఈ వారం అక్క కొత్త కసిమి కుండ పెట్టింది, మీరు వచ్చేసరికి ఊరి ఉంటుంది. మొదటి గీత పాప చేతనే గీయిద్దాం.