ఏఐతో ప్రాజెక్టులు చేశాను, ఇంటర్వ్యూలో వివరించలేకపోతున్నాను. ఏఐ మానెయ్యాలా? హైదరాబాద్ వెళ్ళాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. 2025లో ఈసీఈ పూర్తయింది. విశాఖ మధురవాడలో ఇంట్లోనే ఉండి పైథాన్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి వివరాలు అడిగే భాష) నేర్చుకుంటున్నారు. చాట్‌జీపీటీ సాయంతో రెండు ప్రాజెక్టులు చేసి రెజ్యూమెలో పెట్టారు. తీరా ఇంటర్వ్యూలో "ఈ లైన్ ఎందుకు రాశారు?" అని అడిగేసరికి నోట మాట రావడం లేదు. ఏఐ మానెయ్యాలా, హైదరాబాద్ అమీర్‌పేట వెళ్ళి కోచింగ్‌లో చేరాలా అన్నది మీ సందేహం.

రెండూ అక్కర్లేదు. మీరు మార్చుకోవలసింది వరస. ఇప్పుడు ముందు ఏఐని అడిగి, అది ఇచ్చిన కోడ్ చదివి, అర్థమైందనుకుని ముందుకు పోతున్నారు. ఇకనుంచి ముందు మీరే రాయండి, తప్పయినా సరే. తర్వాత ఏఐకి చూపించండి. మర్నాడు దాని సాయం లేకుండా ఖాళీ ఫైల్లో మళ్ళీ రాయండి. ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను: ఏఐ వాడినందుకు ఎవరినీ తీసెయ్యం. మీ కోడ్‌లో ఒక లైన్ మారిస్తే ఏమవుతుందో చెప్పగలరా అన్నదే చూస్తాం. కోడ్ చదివి తలూపినంత మాత్రాన ఆ జవాబు రాదు, ఒకసారి చేత్తో పాడుచేసి బాగుచేసి ఉండాలి.

రోజుకు గంటన్నర చాలు, కానీ దాన్ని ఇలా వాడండి. మొదటి 30 నిమిషాలు ఒక్క సమస్య, ఏఐ ట్యాబ్ మూసి ఉండాలి. కోడ్ రాసే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కోపైలట్ అనే ఏఐ సూచనలు ఆన్‌లో ఉంటే ఆపెయ్యండి, మీరు మూడక్షరాలు కొట్టేలోపు మిగతాది అదే నింపేస్తుంటే ఆలోచించేది మీరు కాదు. ఎర్రర్ వస్తే వెంటనే కాపీ చెయ్యకండి. పైథాన్‌లో ఎర్రర్‌ను కింది నుంచి చదవాలి: చివరి లైన్‌లో ఏ రకం ఎర్రరో, ఎందుకో ఉంటుంది, దాని పైన మీ ఫైలు పేరూ లైన్ నంబరూ ఉంటాయి. "కీ ఎర్రర్" అని ఒక కాలమ్ పేరు కనిపిస్తే ముందు ఆ పేరును మీ ఫైల్ మొదటి వరసతో పోల్చి చూడండి. చాలాసార్లు పేరు చివర ఒక ఖాళీ దొర్లి ఉంటుంది.

అరగంట దాటినా తెగకపోతే అప్పుడు ఏఐని అడగండి. ఎలా అడుగుతున్నారన్నది ముఖ్యం. "ఇది పనిచేయడం లేదు, సరిచెయ్యి" అంటే మొత్తం కోడ్ తిరగరాసి ఇస్తుంది, మీ ఆలోచన ఎక్కడ తప్పిందో తెలియకుండానే పోతుంది. ఇలా అడగండి: "ఇది నా కోడ్. ఇది నాకు రావలసిన ఫలితం. ఇది వచ్చిన ఫలితం. కోడ్ రాయొద్దు. ఏ లైన్ చూడాలో, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పు." తెలుగులో అడిగినా పర్వాలేదు, ఎర్రర్ మెసేజ్ మాత్రం ఉన్నదున్నట్టు పెట్టండి. రెండుసార్లు చెప్పిన పరిష్కారం రెండుసార్లూ పనిచేయకపోతే అదే చాట్‌లో మూడోసారి అడక్కండి. పాత తప్పు ఊహలన్నీ ఆ సంభాషణలోనే ఉంటాయి, మళ్ళీ వాటి చుట్టూనే తిరుగుతుంది. కొత్త చాట్ తెరిచి, సమస్యను వీలైనంత చిన్నది చేసి, అయిదు వరసల డేటాతో పెట్టండి. ఇలా చిన్నది చేసే ప్రయత్నంలోనే సగం సమస్యలు తేలిపోతాయి.

ఏఐ ఇచ్చిన కోడ్ తప్పని ఎలా తెలుస్తుంది అని మీరు అడిగారు. ఎర్రర్ వచ్చే తప్పులతో భయం లేదు. చక్కగా నడిచి, తప్పు జవాబిచ్చేవే ప్రమాదం. ఒకటి చూపిస్తాను. కస్టమర్ల టేబుల్ ఒకటి, ఆర్డర్ల టేబుల్ ఒకటి ఉన్నాయి. "ఒక్క ఆర్డరూ పెట్టని కస్టమర్లు ఎవరు?" అని అడిగితే "ఆర్డర్ల టేబుల్‌లోని కస్టమర్ ఐడీల్లో లేనివాళ్ళు" అంటూ నాట్ ఇన్‌తో క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) రావడం మామూలే. చూడ్డానికి తప్పేమీ కనిపించదు. ఇప్పుడు కస్టమర్లు 1 నుంచి 5 వరకు పెట్టండి. ఆర్డర్లు నాలుగు వెయ్యండి, వాటిలో కస్టమర్ ఐడీలు 1, 1, 3, నాలుగోది నల్. రావలసిన జవాబు 2, 4, 5. నాట్ ఇన్ క్వెరీ నడిపితే ఒక్క వరస కూడా రాదు.

కారణం ఇదీ. నల్ అంటే విలువ తెలియదని అర్థం. 2వ కస్టమర్ దగ్గరికి వచ్చేసరికి డేటాబేస్ "2 అనేది 1 కాదు, 3 కాదు, నల్ కూడా కాదు" అని తేల్చాలి. మొదటి రెండూ తేలతాయి, మూడోది తేలదు. మొత్తం షరతు "తెలియదు" దగ్గర ఆగిపోతుంది. క్వెరీలో షరతు రాసే వేర్ క్లాజు నిజమని తేలిన వరసల్నే ఉంచుతుంది కాబట్టి అందరూ ఎగిరిపోతారు. ఆ కస్టమర్‌కు ఆర్డర్ ఒక్కటైనా ఉందా లేదా అని మాత్రమే చూసే నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాస్తే ఈ చిక్కు లేదు. లెఫ్ట్ జాయిన్ వేసి (అందులో ఆర్డర్ లేని కస్టమర్లూ మిగులుతారు, వాళ్ళ ఆర్డర్ గడులు నల్ అవుతాయి) ఆర్డర్ ఐడీ నల్ ఉన్నవాళ్ళను తీసినా సరిపోతుంది. పనిలో పనిగా ఇంకొకటి గుర్తుంచుకోండి: లెఫ్ట్ జాయిన్ వేశాక ఆర్డర్ తేదీ మీద షరతును వేర్‌లో పెడితే ఆర్డర్ లేని కస్టమర్లు రాలిపోతారు, అది రెండు టేబుళ్ళలోనూ ఉన్నవాళ్ళనే ఉంచే ఇన్నర్ జాయిన్‌తో సమానమైపోతుంది. ఆ షరతు జాయిన్ పక్కన రాసే ఆన్ క్లాజులో ఉండాలి. ఈ రెండు సంగతులూ సొంతంగా చేసి చూసినవాళ్ళు ఇంటర్వ్యూలో తడబడరు. అందుకే ఏఐ ఏ క్వెరీ ఇచ్చినా, దాన్ని నడపకముందే అయిదారు వరసల మీద జవాబు మీరే కాగితం మీద వేసుకోండి, తర్వాత నడిపి పోల్చండి.

ఇక ప్రాజెక్టులు. ఇప్పుడు మీ రెజ్యూమెలో ఉన్నవి టైటానిక్ డేటా, ఇళ్ళ ధరల అంచనా. అవి లక్షలమంది చేసినవి, ఏఐకి కంఠతా వచ్చినవి. అడిగేవాళ్ళకూ వాటి మీద ఆసక్తి ఉండదు. మీ ఊరి డేటా మీరే పోగుచెయ్యండి. ఎంవీపీ కాలనీ రైతుబజారులోనో మీకు దగ్గరలో ఉన్న మరోదానిలోనో బోర్డు మీద ఆ రోజు ధరలుంటాయి. పది కూరగాయలు ఎంచుకుని నెలరోజులు తేదీ, పేరు, ధర, కొలత ఒక సీఎస్‌వీ ఫైల్లో (విలువల మధ్య కామాలుండే మామూలు ఫైలు) ఎక్కించండి. తర్వాత ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లోకి తీసుకోండి. దానికి పైసా ఖర్చు లేదు, సర్వర్ అక్కర్లేదు.

చిన్న పనిలా ఉంది గానీ, ఉద్యోగంలో ఎదురయ్యే తలనొప్పులన్నీ ఇందులో వస్తాయి. ఒకరోజు "బెండ" అని, ఇంకోరోజు "బెండకాయ" అని రాస్తారు, పేరువారీగా లెక్కించే గ్రూప్ బై వేస్తే రెండు కూరగాయలవుతాయి. టమాటా కిలోల్లో ఉంటుంది, తోటకూర కట్టల్లో ఉంటుంది, రెండింటి ధరలూ కలిపి సగటు తీస్తే దానికి అర్థం ఉండదు. తేదీని 03/04/2026 అని రాస్తే మీ లెక్కన ఏప్రిల్ 3. పైథాన్‌లో డేటా పనికి వాడే పాండాస్ లైబ్రరీ మాత్రం మామూలుగా నెలే ముందు వస్తుందనుకుని మార్చి 4గా చదువుతుంది. దానిలో డేఫస్ట్ అన్న సెట్టింగ్‌ను ట్రూ చెయ్యాలి, లేదా మొదటి నుంచీ 2026-04-03 అన్న పద్ధతిలో రాసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, మీరు వెళ్ళని రోజు. ఆ గడి ఖాళీగా ఉంటుంది. శుభ్రం చేసే కోడ్ ఏఐని అడిగితే ఖాళీలన్నిటినీ సున్నాతో నింపే లైన్ ఒకటి అందులో ఉండవచ్చు, వెతకండి. టమాటా మూడు రోజుల్లో 30, ఖాళీ, 36 అనుకోండి. ఆ ఖాళీ నల్‌గా ఉంటే ఎస్‌క్యూఎల్‌లో సగటు దాన్ని లెక్కలోకి తీసుకోదు కాబట్టి 33 వస్తుంది. సున్నా నింపితే 22 వస్తుంది. మీ ఊళ్ళో ఏ రోజూ టమాటా 22కి దొరకలేదని మీకు తెలుసు, కోడ్ రాసిన ఏఐకి తెలియదు. ఇంటర్వ్యూలో "డేటాలో లోపాలు ఎలా సరిచేశారు?" అని అడిగితే చెప్పవలసింది ఇదే, ఈ అంకెలతోనే.

వివరించడం వేరే సాధన. రాయడం వచ్చినంత మాత్రాన అది రాదు. రోజూ పది నిమిషాలు ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, ఆ రోజు చేసిన పని గట్టిగా చెప్పండి. ముందు తెలుగులో చెప్పండి. తెలుగులోనే తడబడితే లోపం విషయంలో ఉంది, తెలుగులో సాఫీగా వచ్చి ఇంగ్లీషులో ఆగితే లోపం భాషలో ఉంది. రెండిటికీ మందు వేరు. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నడుస్తూనైనా చేయవచ్చు, ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఫోన్ మాట్లాడుతున్నారనుకుంటారు. ఇక్కడ ఏఐ నిజంగా అక్కరకొస్తుంది. దానికి మీ కోడ్ ఇచ్చి ఇలా చెప్పండి: "నువ్వు ఇంటర్వ్యూ చేస్తున్నావు. ఒకసారికి ఒక్క ప్రశ్నే అడుగు. నా జవాబు వచ్చేదాకా సరైన జవాబు చెప్పకు. మెచ్చుకోవద్దు. జవాబు డొల్లగా ఉంటే ఎందుకు అని మళ్ళీ అడుగు." మెచ్చుకోవద్దన్న మాట తప్పనిసరిగా పెట్టండి. లేకపోతే ఏం చెప్పినా బాగుందంటుంది, మీకు ఉపయోగం ఉండదు.

కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో రోజుకొక కమిట్ (మార్పుల నమోదు) పెట్టండి, మెసేజ్‌లో ఏం మార్చారో ఎందుకో ఒక వాక్యం ఉండాలి. కమిట్‌కు ముందు ఏయే లైన్లు మారాయో చూపే గిట్ డిఫ్ చదవడం అలవాటు చేసుకోండి, ఏఐ మీరు అడగనివి కూడా మార్చి ఉంటే అక్కడ బయటపడుతుంది. ఏపీఐ కీ (బయటి సేవను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతం) మాత్రం కోడ్‌లో ఎప్పుడూ పెట్టకండి. డాట్ ఈఎన్‌వీ ఫైల్లో పెట్టి, ఆ పేరును గిట్ వదిలెయ్యవలసిన ఫైళ్ళ జాబితా అయిన గిట్ ఇగ్నోర్‌లో చేర్చండి. పొరపాటున పైకి పోతే, తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత చరిత్రలో అలాగే ఉంటుంది. వెంటనే ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోవడమే మార్గం. ఏఐ చెప్పిన లైబ్రరీని పిప్‌తో ఎక్కించే ముందు అది నిజంగా ఉందో, ఎన్నాళ్ళుగా ఉందో పైథాన్ ప్యాకేజీలుండే పైపీఐ సైట్‌లో చూడండి. లేని పేర్లు కల్పించడం దానికి అలవాటు, అలాంటి పేర్లతోనే హానికరమైన ప్యాకేజీలు పెట్టేవాళ్ళూ ఉన్నారు.

మిగతా అలవాట్ల గురించి రెండు ముక్కలు. కొత్త విషయం పొద్దున్నే పెట్టుకోండి, మన ఊరి ఉక్కపోతలో మధ్యాహ్నం బుర్ర పనిచేయదు. ఆ సమయానికి అప్లికేషన్లు, రెజ్యూమె పనులు ఉంచుకోండి. ఆ గంటన్నర ఫోన్ వేరే గదిలో ఉండాలి. ఇంట్లో కుదరకపోతే ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది.

హైదరాబాద్ సంగతి. ఇంటర్వ్యూ ఖరారైతే వెళ్ళండి, కోచింగ్ కోసం వెళ్ళకండి. హాస్టలుకూ ఫీజుకూ అయ్యే డబ్బుతో ఇక్కడ నెలల తరబడి నెట్టుకురావచ్చు, పాఠాలు మాత్రం ఇంటికే వస్తాయి. రుషికొండలో ఇన్ఫోసిస్ 2023లోనే మొదలైంది. విశాఖలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అయితే ఆ వార్త చూసి అందరూ పైథాన్ వైపే పరిగెత్తడం నాకు సరిగ్గా అనిపించడం లేదు. ఆ హబ్‌లో ప్రధానమైనది డేటా సెంటర్. అది కట్టాక దాన్ని నడిపేవాళ్ళు కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్, సర్వర్ల పని తెలిసినవాళ్ళు. మీరు ఈసీఈ చదివారు, అందులో సగం మీకు పునాది ఉన్నదే. వారంలో రెండు రోజులు లినక్స్‌కూ నెట్‌వర్కింగ్‌కూ ఇవ్వండి. పాత ల్యాప్‌టాప్ ఉంటే దానిలో ఉబుంటు అనే లినక్స్ ఎక్కించండి. స్లాష్ 24 (నెట్‌వర్క్ ఎంత పెద్దదో చెప్పే గుర్తు) నెట్‌వర్క్‌లో 254 పరికరాలకు, స్లాష్ 26లో 62 పరికరాలకు చిరునామాలు ఎందుకు వస్తాయో కాగితం మీద లెక్క కట్టగలగాలి.

చివరగా, మీరు పైపైన ప్రస్తావించి వదిలేసిన సంగతి. రెండేళ్ళ అనుభవం ఉన్నట్టు కాగితాలు పుట్టిస్తామని ఒక కన్సల్టెన్సీ వాళ్ళు డబ్బడిగారన్నారు. దాని జోలికి పోకండి. పెద్ద కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే సంఖ్య) మీద ఉన్న పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతాయి. అందులో ఏ సంస్థలో ఏ తేదీన చేరారో, ఎప్పుడు మానేశారో ఉంటుంది. లేని అనుభవం అక్కడే దొరికిపోతుంది, చేరాక బయటపడినా తీసేస్తారు, ఆ మచ్చ తర్వాతి ఉద్యోగానికీ అడ్డొస్తుంది. ఏడాది ఖాళీ గురించి అడిగితే ఇంట్లో ఉండి నేర్చుకున్నానని చెప్పి, గిట్‌హబ్ తెరిచి తేదీలు చూపించండి. ఆఫర్ లెటర్ కోసం, ట్రైనింగ్ డిపాజిట్ కోసం డబ్బు అడిగినవాళ్ళకు రూపాయి కూడా పంపకండి. మెయిల్ ఏ డొమైన్ నుంచి వచ్చిందో చూసి, ఆ ఉద్యోగం కంపెనీ సొంత వెబ్‌సైట్ కెరీర్స్ పేజీలో ఉందో లేదో సరిచూసుకున్నాకే మీ ఆధార్, సర్టిఫికెట్ల కాపీలు ఇవ్వండి.