అంబులెన్స్ ఉద్యోగం: పోయిన ప్రాణానికి మా అమ్మాయిని నిలదీస్తారా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. బీఎస్సీ ఎమర్జెన్సీ మెడిసిన్ టెక్నాలజీ చదివి అంబులెన్స్‌లో పనిచేస్తానంటోంది. నాకేమో భయం. పోయినేడు మా పెదనాన్నగారు పోయినప్పుడు అంబులెన్స్ వాళ్ళు వచ్చి, చూసి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, 'అయిపోయిందండి' అని వెళ్ళిపోయారు. గుండె మీద ఒక్కసారైనా నొక్కలేదని ఊరంతా తిట్టారు. మా వీధిలోనే ఇంకొకరింట్లో, క్యాన్సర్‌తో మంచాన పడ్డ ముసలాయనకి గుండె నొక్కి పక్కటెముకలు విరగ్గొట్టారని గొడవైంది. రేపు మా పిల్ల కూడా ఇలా మాటలు పడాలా? ఎవరిని బతికించాలో, ఎవరిని వదిలెయ్యాలో తనే తేల్చాలా?
– ఒక తండ్రి

జవాబు: నమస్కారమండి. ఎవరిని వదిలెయ్యాలో మీ అమ్మాయి ఒక్కతే తేల్చాల్సిన పరిస్థితి మన దగ్గర లేదు. మాట పడాల్సి రావడం మాత్రం నిజం. అందుకే ఈ చదువు వద్దని నేను అనను గానీ, ఆ అమ్మాయి దేనికి సిద్ధపడాలో ముందే చెప్తాను.

మన రాష్ట్రంలో అంబులెన్స్‌లో వచ్చే ఈఎమ్‌టీకి (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) మనిషి చనిపోయాడని ధ్రువీకరించే అధికారం లేదు. అది డాక్టరు పని. 108లో కాల్ సెంటర్ దగ్గర డాక్టర్లుంటారు. బండిలో ఉన్నవాళ్ళు పేషెంటు పరిస్థితి వాళ్ళకి చెప్పి, సలహా తీసుకుని నడుచుకుంటారు. మీ ఇంట్లో ఫోన్ మాట్లాడింది కూడా బహుశా అందుకే అయ్యుంటుంది.

గుండె ఆగిన మనిషి కనిపిస్తే సీపీఆర్ (గుండె నొక్కి, ఊపిరి అందించడం) మొదలుపెట్టాలన్నది మూల సూత్రం. మొదలుపెట్టకుండా ఉండదగిన సందర్భాలు కొద్దే: ఒళ్ళు బిగుసుకుపోవడం, నేలకు ఆనిన వైపు రక్తం దిగి ఊదారంగు మచ్చలు కట్టడం, శరీరం కుళ్ళడం, బతికే వీల్లేని ఘోరమైన గాయాలు. బిగుసుకోవడం చనిపోయిన రెండు మూడు గంటల్లో దవడ, మెడ దగ్గర తెలుస్తుంది. రాత్రి నిద్రలో పోయిన పెద్దవాళ్ళని తెల్లారి చూస్తే ఇవే గుర్తులుంటాయి. అప్పుడు నొక్కితే అది చూసేవాళ్ళ తృప్తికే తప్ప పోయినవాళ్ళకి ఉపయోగం లేదు.

మీ పెదనాన్నగారి విషయంలో వాళ్ళు ఈ గుర్తులే చూసి ఉండొచ్చు. కానీ చూసింది మీకు చూపించలేదు. 'ఇదుగోండి, దవడ బిగిసింది, వీపు కింద మచ్చ కట్టింది, ఊపిరి ఆగి గంటలైంది, డాక్టరుగారికి కూడా చెప్పాను' అని ఇంటిపెద్దని పక్కన కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పి ఉంటే ఊరు ఇంతగా తిట్టేది కాదేమో. అంబులెన్స్ వాళ్ళ మీద జనానికి నమ్మకం పోయేది ఎక్కువగా ఇలాంటి చోటే. చికిత్స సరిగ్గా చేసినా చెప్పకుండా చేస్తే అనుమానమే మిగులుతుంది.

ఇంకో సంగతి చెప్తాను. నులక మంచం మీద గానీ, పరుపు మీద గానీ సీపీఆర్ చేస్తే నొక్కిన బలమంతా మంచంలోకి పోతుంది. రొమ్ము కనీసం అయిదు సెంటీమీటర్లు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. కాబట్టి పేషెంటుని ముందు గట్టి నేల మీదికి దించాలి. మన ఇళ్ళల్లో మంచం మీద నుంచి కిందికి దించారంటే అర్థమేమిటో మీకు తెలుసు. దించగానే ఆడవాళ్ళు ఘొల్లుమంటారు, మీద పడతారు, పని సాగదు. పని తెలిసిన ఈఎమ్‌టీ అయితే చెయ్యి వెయ్యకముందే గట్టిగా చెప్తుంది: 'అమ్మా, ప్రాణం పోయిందని కాదు, గుండె నొక్కడానికి గట్టి నేల కావాలి, దించుతున్నాం, కొంచెం చోటివ్వండి.' అలాగే, 'పెద్ద వయసు కదండీ, నొక్కేటప్పుడు ఎముక విరగొచ్చు, అయినా నొక్కాలి' అని కూడా చెప్తుంది. మీ వీధిలో గొడవ జరిగిన ఇంట్లో ఈ మాట ముందు ఎవరైనా చెప్పారో లేదో అడిగి చూడండి.

మన డెల్టాలో తొందరపడి 'అయిపోయింది' అనకూడని కేసులూ ఉన్నాయి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్ళని కట్లపాము కరిస్తే నొప్పి పెద్దగా ఉండదు, వాపూ ఉండదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, మాట పడిపోతుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. కంట్లో టార్చి వేసినా కనుపాప కదలకపోవచ్చు. చూసినవాళ్ళు పోయాడనే అనుకుంటారు. కానీ గుండె కొట్టుకుంటూ ఉండొచ్చు. చేత్తో నొక్కే గాలి సంచితో శ్వాస అందిస్తూ తీసుకెళ్ళి, వెంటిలేటర్ పెట్టి, విషానికి విరుగుడు ఇంజక్షన్ ఇస్తే లేచి నడిచి ఇంటికొచ్చేవాళ్ళున్నారు. కాలవలో పడ్డ పిల్లల విషయమూ అంతే. తలకిందులు చేసి తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మాన్పించి వెంటనే ఊపిరి ఊదాలి. రొయ్యల చెరువు దగ్గర మోటారు షాకు కొట్టినవాళ్ళకైతే ముందు కరెంటు ఆపించి, తర్వాత ఆలస్యం లేకుండా సీపీఆర్ చెయ్యాలి. ఎక్కడ నొక్కి లాభం లేదో, ఎక్కడ చివరిదాకా వదలకూడదో తెలియాలంటే చదువు గట్టిగా ఉండాలి.

ఇక ఆ క్యాన్సర్ పెద్దాయన సంగతి. నయంకాని జబ్బు చివరి దశలో గుండె ఆగితే సీపీఆర్ వద్దనుకోవడం తప్పేమీ కాదు. దాని మీద కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎమ్‌ఆర్ 2020లో మార్గదర్శకాలిచ్చింది. చికిత్స చేస్తున్న డాక్టరు పేషెంటుతో, ఇంటివాళ్ళతో మాట్లాడి, కాగితం మీద రాయాలి. అలా రాసినా ఆపేది సీపీఆర్ ఒక్కటే, మిగతా వైద్యం, నొప్పి తగ్గించడం సాగుతాయి. చివరి దశలో ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసిపెట్టుకునే పత్రాన్ని, అంటే లివింగ్ విల్‌ని, సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ఒప్పుకుంది. 2023లో పద్ధతి సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. కానీ మన ఊళ్ళల్లో ఈ కాగితాలున్న ఇళ్ళు ఎన్ని? రాత్రి పన్నెండింటికి కంగారుపడి ఫోన్ చేస్తారు. కొడుకు నొక్కమంటాడు, కూతురు వద్దంటుంది. అప్పుడు మీ అమ్మాయి ఇంటివాళ్ళలో ఒకరి మాట పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. సీపీఆర్ మొదలుపెట్టి, డాక్టరుకి ఫోన్ చేసి, జబ్బు వివరం చెప్పి, ఆయన చెప్పినట్టు చెయ్యాలి.

బ్రిటన్‌లో పద్ధతి వేరు. అక్కడ అంబులెన్స్‌లో వచ్చే పారామెడిక్, రాసి ఉన్న మార్గదర్శకాల ప్రకారం ఇంటి దగ్గరే సీపీఆర్ ఆపొచ్చు. ఆరోగ్య వృత్తులవాళ్ళని నమోదు చేసే హెచ్‌సీపీసీ అనే సంస్థలో రిజిస్టర్ కానివాళ్ళు పారామెడిక్ అన్న పేరు వాడుకోకూడదని అక్కడ చట్టం ఉంది. అలాంటి చోట కూడా 2020 కోవిడ్ రోజుల్లో కొందరికి, వాళ్ళనో ఇంటివాళ్ళనో అడక్కుండానే 'సీపీఆర్ వద్దు' అని రాశారని పెద్ద అలజడి రేగింది. అక్కడి ఆరోగ్య సేవల నియంత్రణ సంస్థ సీక్యూసీ విచారించి 2021లో నివేదిక ఇచ్చింది. అక్కడా జనానికి కోపం తెప్పించింది తమతో మాట్లాడకుండా రాసేయడమే.

ఇప్పుడు చదువు సంగతి. కొన్ని వారాల సర్టిఫికెట్ కోర్సుతో సరిపెట్టొద్దు, డిగ్రీయే చేయించండి. సాధారణంగా మూడేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ కమిషన్ చట్టం ఈ వృత్తిని తన జాబితాలో పెట్టింది, కాబట్టి ముందు ముందు డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకే విలువ. 108తో పాటు కార్పొరేట్ ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు, పరిశ్రమల ప్రథమ చికిత్స కేంద్రాలు కూడా దారులే. జీతం మొదట్లో పెద్దగా ఉండదు. 108 ఉద్యోగాలు ఎక్కువగా నిర్వహణ సంస్థ కింద ఉంటాయి, షిఫ్టులు పొడుగు, రాత్రి డ్యూటీ తప్పదు. వరదలప్పుడు లంక గ్రామాల నుంచి పడవ మీద పేషెంటుని తేవాల్సి రావచ్చు. ఇవన్నీ దాచకుండా అమ్మాయికి చెప్పండి.

ఫీజు కట్టేముందు ఒక పని చెయ్యండి. మీ మండలంలో 108 బండి నిలిచే చోటికి అమ్మాయిని తీసుకెళ్ళి, ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఈఎమ్‌టీతో అరగంట మాట్లాడించండి. ఇంట్లో చావు కబురు ఎలా చెప్తారో ప్రత్యేకంగా అడగమనండి. ఆ మాటలు విని వచ్చాక కూడా ఇదే చదువుతానంటే, కాలేజీకి వెళ్ళి మూడు విషయాలు కనుక్కోండి: విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ గుర్తింపు ఉందా, సొంత క్యాజువాలిటీ ఉన్న ఆసుపత్రి ఉందా, ఇంటర్న్‌షిప్‌లో అంబులెన్స్ మీదికి పంపుతారా. మూడోదానికి సరైన జవాబు రాకపోతే ఆ కాలేజీలో చేర్చొద్దు.